అమెరికా ఊర్లు ఏసిన లింబాద్రి

లింబాద్రి ముచ్చట చెప్పుమంటె నాకు ముందుగాల కోపమే వస్తది. ఎనిమిదేండ్లు ఒక్క రూముల ఉన్నం. వానిది కింది మంచం, నాది మీది మంచం. వాడు చెడ్డోడని నేను అంటలేను. తాగడు, పత్తాలాడడు, ఎవలతోని లొల్లి పెట్టుకోడు. కాని రూమంత టర్పెంటైన్ వాసన చేసి, నా మంచానికి రంగు గుడ్డలు ఆరేసి, "అన్నా, జర జరుగు, ఎలుగు పడుతలేదు" అని పండుకున్నోన్ని లేపేటోడు ఎంత మంచోడైతె నాకేం లాభం?

మాది ఆర్మూరు దిక్కు. నా పేరు హన్మాండ్లు. గోడ కట్టుడు, ప్లాస్టరింగ్ నా పని. డెబ్బయి ఏడుల దుబాయ్ దిక్కు జెబెల్ అలీల సముద్రాన్ని తవ్వి పోర్టు కడుతుంటె పోయిన. నా ఎనుక రెండు నెలలకు లింబాద్రి దిగిండు. వానిది గోదారి ఒడ్డుకు చిన్న పల్లె. పెండ్లయి నాలుగు నెలలు గూడ కాలే, పెండ్లాన్ని ఇడిచిపెట్టి వచ్చిండు. వీసా మీద లేబర్ అని ఉండె గని, కంపెనీల వాన్ని పెయింటర్ల గ్యాంగుల ఏసిన్రు. పైపుల తుప్పు గీకుడు, ఎర్రమందు పుయ్యుడు, ఎర్రమందు మీద బూడిద రంగు పుయ్యుడు. పొద్దంత రంగులల్లనే ఉంటడు గదా, క్యాంపుకొచ్చినంకనన్న చేతులు కడుక్కోని కూసోవాలె గదా? కూసోడు. షట్టరింగ్ చెక్క ముక్కలు ఏరుకొస్తడు. డబ్బాల అడుగున మిగిలిన రంగు గీకి తెస్తడు. మల్ల బొమ్మలు ఏస్తడు.

వానికి బొమ్మలు ఎవలు నేర్పలే. చిన్నప్పుడు మేకలు కాసేటోడు. ఊర్లెకు ఒగ్గుకథోళ్లు వస్తె ముందటి వరుసల కూసోని కథంత ఇనేటోడంట. తెల్లారి బొగ్గు, జాజు, సున్నం తీస్కపోయి ఇన్నదంత పక్కింటోళ్ల గోడ మీద ఏసేటోడంట. ఆ పక్కింటోళ్లు తిట్టని దినం లేదంట. గాడ్నే పడింది వానికి ఆ రోగం. కండ్లతోని చూసింది ఎయ్యరాదు. చెవులతోని ఇన్నదే ఎయ్యొస్తది. నాకు మొదట్ల ఇది సమజ్ కాలే. ఒక శుక్రారం నా ముఖం ఎయ్యుమని అంగీ ఇస్త్రీ చేసుకోని ఎదురుంగ కూసున్న. గంట సేపు కూసున్న. మెడ పట్టేసింది. వాడు నన్ను చూసుడే చూసుడు, బ్రష్షు మాత్రం కదలదు. ఆఖరుకు ఏమన్నడో ఎరుకనా? "అన్నా, నీ ముఖం ఎట్లుంటదో జర చెప్పు" అన్నడు. నాకు ఒళ్లు మండింది. లేసి బయటికి పోయిన.

గిసొంటోడు అమెరికోళ్లకు దొరికిండు.

డెబ్బయి ఎనిమిదిల అనుకుంట, తెల్లోళ్ల విల్లాల దిక్కు గ్యారేజీ తలుపులకు రంగు ఎయ్యుమని గ్యాంగును పంపిన్రు. అండ్ల ఒక విల్లా పోర్టు పనిల పెద్ద ఇంజినీరుది. ఆయన పెండ్లాం డోరతీ మదాం. ఆ ఇంట్ల వంట చేసేటోడు ఆదిశేషు, అమలాపురం దిక్కాయన. లింబాద్రి తలుపు రంగు అయిపోగొట్టి, బ్రష్షుల మిగిలిన రంగు తుడిచేటందుకు గ్యారేజీ ఎనుక గోడ మీద నాగలి, రెండెడ్లు ఏసిండు. ఎయ్యుమని చెప్పిందెవలు? మదాం రానే వచ్చింది. ఆదిశేషుకు పై ప్రాణాలు పైనే పోయినయంట. "అయిపోయావురా అబ్బాయ్, రేపీపాటికి నువ్వు బొంబాయిలో దిగుతావు" అన్నడంట. కాని ఆమె ఆ ఎడ్లను చూసి లోపలికి పోయి ఒక క్యాలెండర్ తెచ్చింది. ఎర్ర చెక్కల పెద్ద కొట్టం, సుట్టు తెల్లగ ఐసు, బండి, గుర్రం.

"ఇలాంటి బొమ్మ వేస్తావా అంటున్నారావిడ" అన్నడు ఆదిశేషు.

లింబాద్రి దాని దిక్కు చూసి తలకాయ అడ్డం తిప్పిండు. "కాయితం చూసి ఏసుడు నాకు రాదు. గిది ఆమె ఊరేనా? ఆమెనే చెప్పుమను."

"ఏం చెప్పమంటావురా? మదాం గారు నీకు కథ చెప్పాలా?"

"చెప్తె ఏస్త. లేకుంటె రాదు."

నేనుంటె ఆడ్నే ఒక్కటి పీకేటోన్ని. కాని ఆ మదాం కూడ ఏం మనిషో, కుర్చీ తెప్పించుకోని గ్యారేజీల కూసున్నదంట. చెప్పుడు షురూ చేసింది. ఆమెది అమెరికాల అయోవా. ఆడ వాళ్ల తాతకు పెద్ద మక్కచేను, ఆవులు, గాలికి తిరిగే చక్రం, ఆ చక్రంతోని నీళ్లు తోడుడు. పంట నూర్పిడినాడు సుట్టుపక్కల రైతులందరు వచ్చేటోళ్లంట. పని అయినంక చెట్ల కింద బల్లలు ఏసి ముప్పై మందికి అన్నం పెట్టేటోళ్లంట. ఆదిశేషు సగం హిందీల, సగం తెలుగుల చెప్పుకుంట, నడుమ నడుమ తన ఉప్పుకారం కలుపుకుంట పోయిండు. లింబాద్రి నేల మీద కూసోని నోరు తెరిచి ఇన్నడు.

మొదటి బొమ్మ నేను కండ్లార చూసిన. మా రూములనే ఏసిండు గద. ఎర్ర కొట్టం మంచిగనే వచ్చింది. అమెరికా ఆవులకు మూపురాలు పెట్టిండు. కొమ్ములకు గజ్జెలు కట్టిండు. ముప్పై మందిని బంతిలెక్క నేల మీద కూసోబెట్టి ఇస్తరాకులు ఏసిండు. ఆమె తాతకు నెత్తికి తువ్వాల సుట్టిండు. నేను నెత్తి కొట్టుకున్న. "వారీ, నీ నౌకరీ పోతదిరా" అని మొత్తుకున్న. మదాం చూసి కండ్లల్ల నీళ్లు వచ్చేదాక నవ్విందంట. నవ్వి, ఒక్కొక్కటి చెప్పి మార్పిచ్చింది. వాడు మూపురాలు తుడిచిండు, గజ్జెలు తుడిచిండు, అందరిని లేపి బెంచీల మీద కూసోబెట్టిండు. నన్నడిగితె మొదలేసిందే మంచిగుండె. కాని నన్నెవలు అడుగుతరు?

ఆడికెల్లి మొదలైంది. శుక్రారం వస్తె చాలు, మేము బట్టలు ఉతుక్కోని డేరా బజారుకు బయలెల్లుతం, వాడు మదాం గ్యారేజీకి పోతడు. ఆమె చెప్తది, వాడు ఇంటడు, ఇంటికొచ్చి ఏస్తడు. ఒక్కటే గదిల అన్ని తరగతులు కూసునే బడి. ఆడోళ్లందరు చెక్క చట్రం సుట్టు కూసోని పాత బట్టల ముక్కలతోని బొంత కుట్టుడు. ఇది ఇని వాడు మురిసిపోయిండు, "గిది మా అమ్మ చేసేదే గదా!" అన్నడు. ఐసు పడుడు చెప్తుంటె వాడు అడిగిన మాట ఆదిశేషు నాకు చెప్పి చెప్పి నవ్వేటోడు. "ఐసు పడేటప్పుడు సప్పుడైతదా?" అని అడిగిండంట. ఆమె జరసేపు ఆలోచన చేసి, కాదు, సప్పుడే ఉండదు, పొద్దుగాల లేసెటాళ్లకు చెవులు మూసినట్లుంటది అన్నదంట. వాడు ఆ బొమ్మల కోళ్లన్నిటిని మెడలు లేపి చెవి పెట్టి ఇంటున్నట్లు ఏసిండు. దుబాయ్‌ల చెమటలు కారుకుంట కూసోని ఐసు ఏసిండు సూడుండ్రి, ఆ బొమ్మ చూస్తె నాకు చలి పెట్టింది. నిజం ఎందుకు దాయాలె.

ఒకపారి వాడు ఆమెను, మీ తాత చేన్లకెల్లి రాంగనే టోపీ ఏడ పెట్టేటోడు అని అడిగిండంట. ఆమె వంటింటి తలుపు ఎనుక మేకుకు అని చెప్పి ఏడ్చిందంట. తాత చచ్చినంక ఆ చేను అమ్మిన్రు, ఇల్లు కూలగొట్టి నడుమకెల్లి రోడ్డు ఏసిన్రు. గందుకే ఆమెకు ఆ బొమ్మల మీద అంత పాణం.

ఆ బొమ్మలు తీస్కపోయి తెల్లోళ్ల క్లబ్బుల గోడకు పెట్టిన్రు. ఇగ చూడు. ఒకడు వస్తడు, మా నాయిన పెట్రోలు పంపు ఎయ్యుమంటడు. ఇంకోడు, మా ఊర్ల జెండా పండుగనాడు బ్యాండు మేళం ఎల్లేది ఎయ్యుమంటడు. ఇంకొకామె, మా అమ్మమ్మ పండ్లు ఉడికిచ్చి సీసాలల్ల పెట్టేది ఎయ్యుమంటది. ఒక్కొక్కలు కుర్చీ ఏసుకోని కూసుంటరు. చిన్నప్పటి కథ అంత చెప్తరు. పెద్ద పెద్ద ఆఫీసర్లు, సైటు మీద మన ముఖం దిక్కు చూడనోళ్లు, వీని ముందట కూసోని చిన్న పోరగాండ్ల లెక్క చెప్తరు. ఫోర్‌మన్ వీన్ని తుప్పు పనికెల్లి తీసి నీడపట్టున బోర్డులు రాసే పనిల పెట్టిండు. క్యాంపుల వీని పేరు 'అమెరికా లింబాద్రి' అయింది. పటం మీద అమెరికా ఏడుందో చూపెట్టుమంటె చూపెట్టరాదు. కాని ఏ తెల్లోని ఇంటికి అరుగు ఏ దిక్కున్నదో, వాళ్ల కుక్క పేరేందో, ఎవలి నాయినమ్మ ఏ కుర్చీల కూసునేదో అన్ని చెప్తడు. నాకు కడుపు మండేది. నా పెండ్లాం ఏ రంగు చీర కట్టుకుంటదో నాకు యాదికి లేకపాయె, వీడు ఎవలిదో నాయినమ్మ కుర్చీ గురించి నాకు చెప్పుడేంది?

డెబ్బయి తొమ్మిదిల వాడు రెండు నెలలు సెలవు మీద ఇంటికి పోయొచ్చిండు. మల్లొచ్చే యేడు బిడ్డ పుట్టింది. ఎనబై ఒకటిల వాని ఊరు పోయింది.

పోయిందంటె మునిగింది. ప్రాజెక్టు నీళ్లు మెల్లమెల్లగ పైకొచ్చినయి. ఊరోళ్లందరిని లేపి మీదికి తోలిన్రు. మిట్ట మీద కాలనీ కట్టిన్రు, ఇండ్లన్ని ఒక్కతీరు, గోడల మీద నంబర్లు. ఈ సంగతి లింబాద్రికి కేసెట్ల తెలిసింది. గప్పుడు మాకు చిట్టీలు రాసేటోళ్లు తక్కువ, ఇంటోళ్లు కేసెట్ల మాట్లాడి ఎవలన్న వస్తుంటె పంపేటోళ్లు. ఆళ్ల పక్కూరి భీమయ్య సెలవుల పోయి వచ్చుకుంట తెచ్చిండు. ఆదిశేషు టేప్ రికార్డర్ పట్టుకొచ్చిండు. ముగ్గురం మంచం మీద కూసున్నం.

లింబాద్రి పెండ్లాం కిష్టవ్వ గొంతు. "ఇగో, ఇంటున్నవా? అందరం మంచిగున్నం. ఊరు ఇడిచినం. మనోళ్లు ఏడ్చుకుంట ఎడ్లబండ్ల మీద వచ్చిన్రు. బిడ్డ నా సంకలుండె, దానికేం తెలుసు. ఇయ్యాల మా కాలనీల ఎవలింటికి ఎవలు పోతున్నరో సమజైతలేదు, అన్ని ఇండ్లు ఒక్కతీరే. నువ్వు ఆడ ఎవలెవలియో ఊర్లు ఏస్తున్నవంట, భీమయ్య చెప్పిండు. మన ఊరు ఎయ్యి. ఏసి పంపు. బిడ్డ పెద్దగైనంక దీనికి చూపెట్టేటందుకు ఏమున్నది నా దగ్గర? నీళ్లు చూపెట్టాల్నా?"

లింబాద్రి ఏడ్వలే. కేసెట్ ఆపి లేసిండు. "అన్నా, నేను ఎయ్యకపోతె ఇగ మా ఊరు ఏడ ఉండదు" అన్నడు. మల్లొచ్చే శుక్రారం డేరాకు పోయి మంచి రంగులు, సన్నటి బ్రష్షులు తెచ్చుకున్నడు. చెక్క అయితె ఇమానంల పోదని, మడతపెట్టొచ్చేటట్లు మందం టెంటు గుడ్డ తెచ్చి గోడకు కొట్టిండు. నా మంచం పక్క గోడకే. కొట్టి దాని ముందట కూసున్నడు.

కూసున్నోడు కూసున్నట్లే ఉన్నడు. వారం పోయింది. మూడు వారాలు పోయినయి. గుడ్డ తెల్లగనే ఉంది.

"ఏందిరా?" అని అడిగిన.

"వస్తలేదన్నా."

"నీ ఊరు నీకు తెల్వదారా?"

"తెలుసన్నా. తెలుసు గని ఎవలు చెప్పలే."

ఒంటికాలి మీద లేసిన నేను. "ఎవలు చెప్పాల్రా నీకు? పుట్టినవ్, పెరిగినవ్, మేకలు కాసినవ్, పెండ్లి చేసుకున్నవ్! తెల్లోళ్ల ఊరు అరగంటల ఏస్తవు, నీ ఊరు ఎయ్యనికి నీకు మనిషి కావాల్నా?" అని ఇష్టమొచ్చినట్లు తిట్టిన. వాడు తిట్లన్ని ఇన్నడు. ఇని, "గట్ల కాదన్నా, చూసిందంత ఒక్కపారే లోపటున్నది. ఎవలన్న ఒక్కొక్కటి బయటికి తియ్యాలె" అన్నడు. ఇగ వానితోని ఏం మాట్లాడుతవ్? ఆదిశేషే ఉపాయం చెప్పిండు. "మీ ఆవిడ్నే చెప్పమను. మదాం చెప్పలా? ఇదీ అంతే" అన్నడు. కేసెట్ల మాట్లాడి పంపినం. ఊరంత ఒక చివరికెల్లి చెప్పు అని.

రెండు నెలలకు జవాబొచ్చింది. లింబాద్రి స్నానం చేసి, బ్రష్షు చేతుల పట్టుకోని కూసున్నడు. పండుగ చేస్తున్నట్లే. నేను బటన్ ఒత్తిన.

"ఇగో, ఇంటున్నవా? మన గడపల నిలవడ్డ అనుకో. గిట్ల పోతె సాయవ్వ ఇల్లు. ఆడికెల్లి గిట్ల మలుగుతె చేదబావి. గీడ చింతచెట్టు, గాడ కమ్మరి కొలిమి. కొలిమికి గిటు దిక్కు పీర్ల కొట్టం, దాని అరుగు గింత ఎత్తు. గట్లనే నడుచుకుంట పోతె..."

గిట్ల అన్నప్పుడల్ల గాజుల సప్పుడు. చెయ్యి చూపెట్టుకుంట చెప్తుంది! టేప్ రికార్డర్‌కు కండ్లున్నయని అనుకున్నదో ఏమో ఆ తల్లి. గంట కేసెట్ అంత గీడ, గాడ, గిట్ల, గింత. "ఎటు తల్లీ! ఎడమ దిక్కా, కుడి దిక్కా!" అని నేను డబ్బ మీద పడి మొత్తుకున్న. పక్క రూమోళ్లు ఏమైందని ఉరికొచ్చిన్రు. ఆదిశేషు నవ్వలేక మంచం మీద పడ్డడు. లింబాద్రి మాత్రం కేసెట్ ఎనుకకు తిప్పి, చెవి ఆనిచ్చి, "అన్నా, ఇది కుడిచేతి గాజుల సప్పుడు లెక్క లేదా?" అని అడిగిండు. ఆ డబ్బ ఆదిశేషుది కాకుంటె ఆ పొద్దే సముద్రంల పడేసేటోన్ని.

మల్ల కేసెట్ నింపినం. ఈసారి నేనే మాట్లాడిన. "చెల్లే కిష్టవ్వా, నేను హన్మాండ్లును. చెయ్యి చూపెట్టకు. నీ చెయ్యి మాకు కనవడదు. ఎడమ, కుడి, గోదారి దిక్కు, గుట్ట దిక్కు, గట్ల చెప్పు" అని పిల్లలకు చెప్పినట్లు చెప్పిన. పోయేటోళ్లు దొరుకక ఆ కేసెట్ నెల పొద్దులు నా పెట్టెలనే ఉండె. జవాబుకు ఇంకో నాలుగు నెలలు.

ఈ నడుమ మదాం వాళ్ల మొగనికి కాంట్రాక్టు అయిపోయే టైం వచ్చింది. పోయేలోపల ఇంకో ఆరు బొమ్మలు కావాలె అన్నది. లింబాద్రి ఏసిండు. ఆరుకు ఆరు ఏసిండు. ఇటు గోడ మీద ఊరి గుడ్డ తెల్లగ ఏలాడుతుంది, అటు మంచం మీద కూసోని అయోవా ఏస్తుండు. నాకు ఆగలే. "నీ ఊరు నీళ్లల్ల, ఆమె ఊరు గోడల మీద! సిగ్గుంటె ఆమె బొమ్మలు బంద్ చెయ్యి" అన్న. వాడు తల ఎత్తకుండ, "ఆమె చెప్తుంది గదన్నా. చెప్పేటోళ్లు ముందటుంటె చెయ్యి ఆగది" అన్నడు. ఆ బొమ్మలన్ని పెట్టెలల్ల పెట్టుకోని మదాం పోయింది. పోయే ముందు వీని చెయ్యి రెండు చేతులతోని పట్టుకోని ఏందో చెప్పిందంట. ఏమన్నదని అడిగితె, ఆదిశేషు అప్పుడు లేడు, నాకు సమజ్ కాలే అన్నడు. ఆదిశేషు ఆ ఇంట్లకు వచ్చిన కొత్తోళ్లకు వంట చేసుకుంట ఆడ్నే ఉండిపోయిండు.

రెండో కేసెట్ వచ్చెటాళ్లకు ఎనబై మూడు ఎండకాలం. ఈసారి కిష్టవ్వ ఒక్కతే కాదు, కాలనీ అంత దిగింది. ఆమె తెలివికల్లది. ఒక్కొక్కలను పిలిచి ఎవలిల్లు వాళ్లనే చెప్పుమన్నది. "మన గడపల నిలవడ్డట్లు అనుకోని చెప్పుండ్రి, ఆయనకు గట్లనే సమజైతది. ఎడమ, కుడి అనాలె, చెయ్యి చూపెట్టొద్దు" అని మొదలే గట్టిగ చెప్పింది. ఇగ లొల్లి చూడాలె. భూమవ్వ అనే ముసలామె, నా ఇల్లు బావికి ఎదురుంగ అన్నది. బాలవ్వ, కాదు, ఎదురుంగ ఉన్నది మా గోడ, నీది సందుల అన్నది. "నా ఇల్లు సందుల ఉండెనా! మా అత్త బతికుంటె నీ నోరు..." అని ఆడ్నే కొట్లాట. ఇల్లు నీళ్లల్ల పోయి రెండేండ్లు, సందు కోసం కొట్లాట! కమ్మరాయన తన కొలిమి గురించి ఎంత చెప్పినా ఒడువలే. ఎవలో ముసలాయన వచ్చి ఒక్కటే మాట అన్నడు, "నా ఇంటి ముందట ఎండ బాగా పడేది, గది ఎయ్యి బిడ్డా" అని. లింబాద్రి గది ఇని, కేసెట్ ఆపి, లేసి రంగు కలుపుడు మొదలువెట్టిండు.

ఇగ ఆగలే. ఆరు నెలలు. డ్యూటీకెల్లి రాంగనే ముఖం కడుక్కోకుండ గుడ్డ ముందటికి. భూమవ్వ, బాలవ్వ ఇద్దరికి ఖుషీ అయ్యేటట్లు బావిని జర జరిపిండు. కొలిమిల నిప్పు, పీర్ల కొట్టం ముందట గుండం, చింతచెట్టు కింద పడ్డ ఆకు, అరుగుల మీద ఆరబోసిన పెసర్లు. ముసలాయన ఇంటి ముందట ఎండ ఏసిండు, పచ్చగ, కుక్క ఆ ఎండల పండుకున్నట్లు. ఎడ్లకు మూపురాలు పెట్టిండు. తుడువుమనేటోళ్లు ఎవలు లేరు. నాకు తెల్వకుండనే నేను గూడ డ్యూటీకెల్లి రాంగనే ఇయ్యాల ఏమేసిండు అని గుడ్డ దిక్కే చూసుడైంది. ఎన్ని అమెరికా బొమ్మలు ఏసిండో, అన్ని కలిపినా దీని కాలి గోటికి సరిపోవు.

అయిపోయినంక నేనూ ఆదిశేషూ కేసెట్ పెట్టుకోని ఒక్కొక్కటి చూసినం. కేసెట్ల పేరొస్తది, నేను గుడ్డ మీద ఏలు పెడుత. సాయవ్వ, ఉన్నది. భూమవ్వ, ఉన్నది. కొలిమి, ఉన్నది. ఎడమ దిక్కు మూడో ఇల్లు, ఉన్నది. రెండుపార్లు చూసినం. "ఒక్కటి తక్కువ లేదురా లింబాద్రీ, భలే వేశావు" అన్నడు ఆదిశేషు. నేను వాన్ని ఎన్నడు మెచ్చుకోనోన్ని, ఆ దినం మెచ్చుకున్న. వాడు సిగ్గుపడి తల దించుకున్నడు. గుడ్డను సుట్టి, ప్లాస్టిక్ పైపుల పెట్టి, మూతులు టేపుతోని బిగిచ్చి, భీమయ్య ఇంటికి పోతుంటె వాని భుజం మీద పెట్టినం.

మూడు నెలలకు భీమయ్య వచ్చిండు, కేసెట్ తెచ్చిండు. శుక్రారం మధ్యాన్నం. అన్నం గూడ తినలే మేము.

బటన్ ఒత్తంగనే పెద్ద లొల్లి. కాలనీ అంత ఒక్కటే ఇంట్ల సొచ్చినట్లుంది. "అగో గదే, నా అరుగు!" "అయ్యో, మా బర్రె కట్టే గుంజ గూడ ఏసిండే!" "చూస్తివా, నాది బావికి ఎదురుంగనే!" అని భూమవ్వ. సాయవ్వ ఏడుసుకుంట, నవ్వుకుంట, ఏమంటుందో ఆమెకే తెల్వదు. ఎండ ముసలాయన మాత్రం అప్పటికే పోయిండంట, దినాలు గూడ అయినయంట, ఆయన కొడుకు మాట్లాడి దండం పెట్టిండు. నా రొమ్ము ఉబ్బింది. నేనేదో ఏసినట్లు. లింబాద్రి మోకాళ్లు పట్టుకోని నవ్వుకుంట ఇంటున్నడు. జనమంత పోయినట్లున్నరు, సప్పుడు తగ్గింది. తలుపు పెట్టిన సప్పుడు. కిష్టవ్వ ఒక్కతే అయింది.

"ఇగో, ఇంటున్నవా? మంచిగేసినవ్. అందరు మురిసిపోయిన్రు. అందరు పోయినంక బిడ్డ అడిగింది, అమ్మా మనదేది అని. నేను దీపం పట్టుకోని ఈ మూలకెల్లి ఆ మూలకు నాలుగుపార్లు ఎతికిన. అందరియి ఉన్నయి. మనది లేదు. నామీద కోపమా నీకు? బిడ్డకు ఏం చెప్పాలె? నువ్వు పుట్టిన ఇల్లు, నన్ను తెచ్చిన ఇల్లు. అది గూడ నేనే చెప్పాల్నా నీకు?"

కేసెట్ ఇగ ఉత్తగనే తిరిగింది. ఆదిశేషు ఆపిండు.

నాకు మెల్లగ తలకాయలకెక్కింది. ఆమె గడపల నిలవడి చెప్పింది. కాలనీ అంత ఆ గడపల నిలవడే చెప్పింది. వీడు ఆ గడపల నిలవడే ఏసిండు. ఊరంత ముందట కనవడ్డది, ఇల్లు ఈపు ఎనుక ఉండిపాయె. ఎవలు చెప్పలే, గందుకు ఎయ్యలే. రెండుపార్లు ఏలు పెట్టి లెక్క చూసిన గాడిదిని నేను, నాకు గూడ తట్టలే. కోపం ఎవలి మీద చూపెట్టాల్నో సమజ్ కాలే. వీని మీద లేసిన. "ఎవలెవలియో వంటిండ్లల్ల తిరిగినవ్ గదరా! ఎవలెవలియో నాయినమ్మలను కుర్చీలల్ల కూసోబెట్టినవ్ గదరా! నీ ఇల్లు ఎట్ల మరిచినవ్రా బాడ్కవ్!" అని రూము దద్దరిల్లేటట్లు ఒర్రిన. వాడు లేసి ఒక చిన్న గుడ్డ ముక్క గోడకు కొట్టిండు. రంగులు తీసిండు. బ్రష్షు ముంచి, దాని ముందట నిలవడ్డడు.

చెయ్యి లేస్తలేదు. కిష్టవ్వను ఇల్లు చెప్పి పంపుమని అడగనికి వానికి నోరు లేదు, అది నాకు ఎరుకనే. ఏ మొగోడు పెండ్లాన్ని గా మాట అడుగుతడు?

అప్పుడు నా దిక్కు మర్రిండు. "అన్నా, ఏడేండ్లాయె గదా ఒక్క రూముల. మా ఇల్లు ఎట్లుండేదో నీకు ఎప్పుడన్న చెప్పిన్నా? చెప్పింటె, యాదికున్నంత చెప్పు. ఏస్త."

చెప్పిండు. ఎన్నోపార్లు చెప్పబోయిండు. వచ్చిన కొత్తల, లైటు బంద్ చేసినంక, కింది మంచం మీదికెల్లి "అన్నా, మా ఇంటి ముందట..." అని మొదలువెట్టేటోడు. "పండుకోరా, పొద్దుగాల డ్యూటీ ఉంది" అని కసురుకునేటోన్ని నేను. జర గట్టిగనే కసురుకునేటోన్ని. ఏడాదికో ఏమో వాడు చెప్పుడు బంద్ చేసిండు. వాళ్ల ఇంటి ముందట ఏముండెనో నేను ఇనలే.

ఆదిశేషు నా ముఖం చూస్తున్నడు. లింబాద్రి బ్రష్షు పట్టుకోని చూస్తున్నడు.

"నువ్వు నాకెన్నడు చెప్పలేదురా" అన్న.

వాడు సరే అని తల ఊపి, బ్రష్షు కడుగుకొచ్చేటందుకు బయటికి పోయిండు.